అధ్యాయం 7: చేతికొచ్చిన విద్యను లెక్కలోకి తెచ్చుకోండి

ఒంటిమిట్టలో ఇరవై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్న మేస్త్రిని "నీకేం పని వచ్చన్నా?" అని అడగండి. "ఏముంది, బేల్దారి పని చేస్తాంటా" అంటాడు. ముగ్గు పోసి పునాది గీత పెట్టడం, మూల తిప్పడం, ద్వారబంధం నిలబెట్టడం, ఇటుక లెక్క, సిమెంటు లెక్క, కూలీల బాగోగులు... అన్నీ ఆ ఒక్క మాటలో మూటగట్టేస్తాడు. అదే మనిషి ముందు ఏదైనా దరఖాస్తు పెడితే, విద్యార్హత అన్నచోట ఐదో తరగతి అని రాయించి తక్కినవన్నీ ఖాళీగా వదిలేస్తాడు. ఇరవై ఏళ్ళ చదువు ఆ కాగితం మీద ఎక్కడా కనబడదు.

అతనికి చదువు లేదనడం తప్పు. అతను బడిలో కాకుండా పనిలో చదువుకున్నాడు. అలా పనిలోనే నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి మన దేశంలో ఉంది. దాన్ని రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్ అంటారు. శిక్షణ కేంద్రాల్లో పొట్టిగా ఆర్‌పీఎల్ అని పిలుస్తారు. మీరు మేస్త్రి అయినా, కుట్టుపని చేసేవారైనా, మోటార్లు బాగుచేసేవారైనా, పూలమాలలు కట్టేవారైనా ఈ అధ్యాయం మీకోసమే.

ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోండి. పని రావడం సగం. వచ్చిన పనిని విడమరిచి చెప్పడం, నలుగురి ముందు చేసి చూపడం, దానికి సాక్ష్యం పెట్టడం మిగతా సగం. మొదటి సగం మీ దగ్గర ఎప్పటినుంచో ఉంది. రెండో సగం ఎవరూ నేర్పలేదు కాబట్టే మొదటిదానికి విలువ రావడం లేదు.

ఎక్కడ నేర్చారని కాదు, ఏం వచ్చని అడిగే పరీక్షలు

ఇదేమీ కొత్త వింత కాదు. డ్రైవింగ్ లైసెన్సు సంగతే చూడండి. రవాణా కార్యాలయంలో మీ చేత బండి నడిపించి చూస్తారు గానీ, నాన్న ట్రాక్టర్ మీద నేర్చుకున్నారా, లారీ మీద క్లీనరుగా తిరిగి నేర్చుకున్నారా అని ఆరా తీయరు. ఒకప్పుడు రవాణా వాహనాలు నడపడానికి ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న షరతు ఉండేది. 2019లో కేంద్రం దాన్ని తీసేసింది. చేతిలో పని ఉండి కూడా కాగితం లేక ఆగిపోయిన ఎందరికో ఆ ఒక్క మార్పుతో దారి దొరికింది.

మన పక్కనే మంగంపేట ముగ్గురాయి గనులున్నాయి. గనుల్లో మేట్, బ్లాస్టర్ లాంటి బాధ్యతలు తీసుకోవాలంటే గనుల భద్రతా విభాగం ఇచ్చే సామర్థ్య ధ్రువపత్రం ఉండాలి. దానికి గనిలో పనిచేసిన అనుభవం చూపాలి, పరీక్షకు నిలవాలి. పేలుడు మందుతో చేసే పనిలో తప్పు జరిగితే ప్రాణాలు పోతాయి. అక్కడ కూడా అనుభవాన్ని పక్కకు నెట్టలేదు. దాన్ని పరీక్షించి మరీ లెక్కలోకి తీసుకున్నారు.

ఒంటిమిట్ట వాళ్ళకు వావిలకొలను సుబ్బారావు గారి గురించి చెప్పనక్కర్లేదు. టెంకాయ చిప్ప చేతబట్టి ఊరూరా తిరిగి, విరాళాలు కూడగట్టి, జీర్ణమైపోతున్న కోదండరామాలయాన్ని బాగుచేయించిన ఆంధ్ర వాల్మీకి ఆయనే. 1863లో జమ్మలమడుగులో పుట్టిన ఆయన మొదట రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేశారు. 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులయ్యారు. కచేరీ ఉద్యోగం చేసుకుంటూ సాధించిన పాండిత్యం ఆయన్ని కళాశాల దాకా తీసుకెళ్ళింది. ఆ పాండిత్యం మనసులోనే ఉండిపోలేదు, రాతల్లో పదిమందికీ కనబడింది. గుర్తింపు రావాలంటే ముందు గుర్తుపట్టడానికి ఏదో ఒకటి కనబడాలి. మేస్త్రికైనా పండితుడికైనా సూత్రం ఇదే.

ప్రపంచంలోనూ ఈ ఆలోచన బలంగా ఉంది. ఫ్రాన్సులో 2002లో చేసిన చట్టం ప్రకారం అనుభవాన్ని నిరూపించుకున్న పనివాళ్ళు తరగతి గదిలో కూర్చోకుండానే పూర్తి డిప్లొమా పొందవచ్చు. బడిలో నేర్చిన దానికీ పనిలో నేర్చిన దానికీ అక్కడ ఒకే పట్టా.

మన దగ్గరున్న దారులు

2013 డిసెంబరులో కేంద్రం జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని ప్రకటించింది. ప్రతి వృత్తినీ మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు మీద ఉన్నవాళ్ళకు ఏమేం రావాలో రాసిపెట్టే ఏర్పాటు అది. సాయం చేసే మనిషికి ఒక మెట్టు, సొంతంగా గోడ కట్టగలిగిన మేస్త్రికి దానిపై మెట్టు. ఒక్కో పనికి జాతీయ వృత్తి ప్రమాణం ఉంటుంది. అందులో ఏం చేసి చూపాలి, ఏం తెలిసి ఉండాలి అని రెండు భాగాలు. పరీక్షకుడు మిమ్మల్ని కొలిచేది దానితోనే.

2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఆర్‌పీఎల్ ఒక భాగం. కొత్తగా పని నేర్పడం దీని ఉద్దేశం కాదు, వచ్చిన పనిని గుర్తించడం. పథకం రెండో విడతలో పన్నెండు గంటల అవగాహన ఇచ్చేవారు. అందులో ఆరు గంటలు పనికి సంబంధించినవి, నాలుగు గంటలు మాటతీరు, సొంత వ్యాపారం వంటివి, రెండు గంటలు పరీక్ష ఎలా ఉంటుందో చెప్పడానికి. ఆ తర్వాత పరీక్ష. పాసైనవాళ్ళకు ధ్రువపత్రంతో పాటు 500 రూపాయలు ఇచ్చేవారు. విడత మారినప్పుడల్లా గంటలు, వయసు షరతులు మారుతుంటాయి కాబట్టి చేరే ముందు ఇప్పటి నిబంధనలు అడిగి తెలుసుకోండి. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. ఈ పథకంలో మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు.

రెండో దారి 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ. ఇందులో పద్దెనిమిది చేతివృత్తులున్నాయి. తాపీ మేస్త్రి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, శిల్పి, రాళ్ళు కొట్టేవారు, చెప్పులు కుట్టేవారు, దర్జీ, మంగలి, చాకలి, బుట్టలు అల్లేవారు, పూలమాలలు కట్టేవారు మొదలైనవాళ్ళంతా దీని కిందికి వస్తారు. కామన్ సర్వీస్ సెంటర్లో నమోదు చేసుకుంటే పంచాయతీ స్థాయిలో మొదటి పరిశీలన జరుగుతుంది. ఎంపికైనవాళ్ళకు విశ్వకర్మ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు ఇస్తారు. నైపుణ్యాన్ని అంచనా వేశాక అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్ల కోసం 15,000 రూపాయలు ఉంటాయి. హామీ లేకుండా 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయలు, అది తీర్చాక రెండు లక్షల దాకా అప్పు దొరుకుతుంది. ఒక కుటుంబం నుంచి ఒక్కరికే అవకాశం, వయసు పద్దెనిమిది నిండాలి.

మూడో దారి విదేశం పోయేవాళ్ళది. కడప జిల్లాలో కువైట్‌కు మనిషిని పంపని ఊరు అరుదు. గల్ఫ్ దేశాల్లోనూ పరీక్షలు పెరుగుతున్నాయి. సౌదీ అరేబియా 2021లో వృత్తి నైపుణ్య పరిశీలన మొదలుపెట్టింది. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్ల వంటివాళ్ళను వాళ్ళ సొంత దేశంలోనే పరీక్షిస్తోంది. అంటే ఏజెంటు మాట మీద, మేనమామ సిఫారసు మీద వీసా దొరికే కాలం పోతోంది. పని వచ్చని నిరూపించాల్సిందే.

తిరిగొచ్చిన వాళ్ళ సంగతీ ముఖ్యమే. పదేళ్ళు ఏసీలు బిగించి వచ్చిన మనిషికి ఇక్కడ దిగగానే చూపడానికి ఏమీ ఉండదు. 2020లో కరోనా వేళ వెనక్కి వచ్చినవాళ్ళ నైపుణ్యాలను నమోదు చేయడానికి కేంద్రం స్వదేస్ కార్డు తెచ్చింది. ఏ పథకం ఉన్నా లేకపోయినా మీరు మాత్రం అక్కడి యజమాని నుంచి ఏం పని, ఎన్నేళ్ళు చేశారో రాసిన ఉత్తరం తీసుకోకుండా విమానం ఎక్కకండి.

పరీక్ష రోజు ఏం జరుగుతుంది

మేస్త్రి పరీక్షే తీసుకుందాం. మీకు ఇటుకలు, ఇసుక, సిమెంటు, నీళ్ళు ఇస్తారు. తొమ్మిదంగుళాల గోడ, ఒక మూలతో సహా, కొన్ని వరసలు కట్టమంటారు. పరీక్షకుడు పక్కన నిలబడి చూస్తుంటాడు. మీకు నేర్పినవాడూ, మీకు మార్కులు వేసేవాడూ వేరువేరుగా ఉండాలన్నది నియమం.

మీరు మూల తీసేటప్పుడు దారం పట్టి ఒకవైపు మూడడుగులు, ఇంకోవైపు నాలుగడుగులు కొలిచి, ఆ రెండు గుర్తుల మధ్య అయిదడుగులు వచ్చిందా అని చూస్తారు. వస్తే మూల మట్టంగా ఉన్నట్టు. ఇది మీకు తాత కాలం నాటి లెక్క. బడిలో పిల్లలు పైథాగరస్ సిద్ధాంతం అని చదివేది ఇదే. పరీక్షకుడు "ఎందుకు మూడు, నాలుగు, అయిదు?" అని అడిగితే, "అట్లా వస్తేనే మూల తొంభై డిగ్రీలు కూర్చుంటుంది సార్. రెట్టింపు చేసుకోని ఆరు, ఎనిమిది, పది పెట్టినా అంతే. పెద్ద గదికి అట్లా పెడితే ఇంకా కచ్చితంగా వస్తుంది" అని చెప్పగలిగితే మీరు మెట్టు ఎక్కినట్టే.

తర్వాత మీరు ఇటుకలను నీళ్ళలో వేస్తారు.

"ఇటుక ఎందుకు తడుపుతాండావు?"

"తడపకుంటే మాలు పట్టదు సార్."

ఈ జవాబు సరైనదే, కానీ సగమే. ఎండిన ఇటుక మాలులోని నీటిని పీల్చేస్తుంది. గట్టిపడటానికి సిమెంటుకు నీళ్ళు కావాలి. అవి పోతే అతుకు పొడిపొడిగా రాలుతుంది. మీ చేతికి ఈ సంగతి తెలుసు. నోటికి అలవాటు లేదంతే. ఇంకా ఇలాంటివి అడుగుతారు. మాలు ఏ పాళ్ళలో కలిపావు? ఒకటికి ఆరు అంటే కొలత దేనితో? నీళ్ళు కలిపాక మాలును ఎంతసేపట్లో వాడేయాలి? రెండు గంటల్లోపు. నిలువు అతుకులు ఒకదానిపై ఒకటి ఎందుకు రాకూడదు? వస్తే గోడ అక్కడే నిలువునా చీలుతుంది. ఒక్కరోజులో గోడను మీటరున్నర మించి ఎందుకు లేపకూడదు? కింది వరసల మాలు ఇంకా పచ్చిగానే ఉండి బరువు మోయలేదు. క్యూరింగ్ ఎన్ని రోజులు? కనీసం వారం.

చేతిపని మీద పట్టున్నవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ మాటల దగ్గరే. తలకు హెల్మెట్ పెట్టుకోకపోవడం, పరంజా గట్టిదో కాదో చూసుకోకుండా ఎక్కడం కూడా మార్కులు పోగొడతాయి. భద్రత కూడా పనిలో భాగమే కాబట్టి దానికీ మార్కులుంటాయి. పని మొదలుపెట్టే ముందు తూకం గుండు, రసమట్టం, దారం సరిచూసుకోండి. అయ్యాక చోటు శుభ్రం చేయండి.

చేతికి తెలిసింది నోటికి నేర్పండి

రోజూ పని ముగిశాక పావుగంట కేటాయించండి. ఆ రోజు చేసిన పనుల్లో ఒకటి తీసుకుని ఇంట్లో పిల్లలకు చెప్పండి. మూడు ప్రశ్నలకు జవాబు వచ్చేలా చెప్పాలి: ఏం చేశాను, ఏ వరసలో చేశాను, అలా చేయకపోతే ఏమవుతుంది. మూడో ప్రశ్న అన్నిటికంటే విలువైనది. ఏ పనిలోనైనా కారణం తెలిసినవాడే మేస్త్రి అవుతాడు.

పిల్లలు అడిగే పిచ్చి ప్రశ్నలకు విసుక్కోకండి. పరీక్షకుడు అడిగేవీ అవే. జవాబు తెలియనిచోట పెద్ద మేస్త్రినో, సైట్ ఇంజనీరునో అడగండి. చదవడం వచ్చిన కొడుకునో కూతురినో పక్కన కూర్చోబెట్టుకుని, స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో మీ పనికి సంబంధించిన కోర్సులు వెతికించండి. మీ వృత్తి ప్రమాణంలో ఏముందో శిక్షణ కేంద్రం వాళ్ళనే అడిగి, తెలుగులో చదివించుకుని వినండి. అందులో తొంభై పాళ్ళు మీకు తెలిసినవే ఉంటాయి. తెలియని ఆ పది పాళ్ళు ఏవో కనిపెట్టడమే మీ తయారీ.

ఆడవాళ్ళ పనికి ఇంకా ఎక్కువ అవసరం

మన వైపు కట్టుబడి పనిలో ఆడవాళ్ళు చిత్తాళ్ళుగా, అంటే సహాయ కూలీలుగా చేరి చిత్తాళ్ళుగానే ఉండిపోతారు. మాలు పాళ్ళు సరిగ్గా కలిపేది వాళ్ళు. గట్టిగా అయిందో పలచగా అయిందో పార తిప్పగానే చెప్పేది వాళ్ళు. పదిహేనేళ్ళు మేస్త్రి పక్కనే ఉండి ప్రతి వరసా చూసినవాళ్ళు. అయినా తాపీ మాత్రం చేతికి రాదు, కూలిలో తేడా పోదు. ఈ అన్యాయం పట్టా ఒక్కదానితో పోయేది కాదు. కానీ సహాయకుల స్థాయిలో పరీక్ష రాసి పాసైన ఆడమనిషికి, పై మెట్టుకు తనను తీసుకోమని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. అక్కా, మీ మేస్త్రిని రోజుకు అరగంట తాపీ అడిగి పుచ్చుకో. బాత్‌రూం గోడ, ప్రహరీ గోడ లాంటి చోట మొదలుపెట్టు.

కువైట్ ఇళ్ళల్లో పసిపిల్లలను పెంచి, మంచాన పడ్డ ముసలివాళ్ళకు సేవ చేసి వచ్చిన మన ఆడబిడ్డలు "ఇంటిపని చేసినా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పిల్లల సంరక్షణ, వృద్ధుల సంరక్షణ విడి వృత్తులు. వాటికి విడి ప్రమాణాలున్నాయి. మందులు వేళకు ఇవ్వడం, పడిపోకుండా లేపి నడిపించడం, పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం నేర్చిన చేతులు నర్సింగ్ హోముల్లో, పట్టణాల ఇళ్ళల్లో ఎంతో అవసరం.

సాక్ష్యం కూడబెట్టండి

ఒక నోటుపుస్తకం కొనండి. దానికి పని పుస్తకం అని పేరు పెట్టండి. చేసిన ప్రతి పనికీ తేదీ, ఊరు, ఇంటివారి పేరు, మీరు స్వయంగా చేసిన భాగం, పట్టిన రోజులు రాయించండి. ఇంటివాళ్ళ చేత రెండు మాటలు రాయించి సంతకం తీసుకోండి. ఫోన్‌లో ఫొటోలు తీసేటప్పుడు పూర్తయిన ఇంటితోపాటు పని మధ్యలో ఉన్నప్పటివీ తీయండి. కమ్ములు కట్టిన తీరు, ప్లాస్టరింగ్‌కు ముందు గోడ కనబడాలి. పనితనం అక్కడే తెలుస్తుంది.

కట్టుబడి పనివాళ్ళు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పనిచేసి ఉంటే అర్హులు. ఆ 90 రోజులు నిరూపించడానికి ఈ పుస్తకమే పనికొస్తుంది. అదే పుస్తకం ఆర్‌పీఎల్ ఎంపికకూ, బ్యాంకు మేనేజరు ముందూ, కొత్త కాంట్రాక్టరు దగ్గరా మీ తరఫున మాట్లాడుతుంది.

పట్టా ఏం చేయలేదో కూడా తెలుసుకోండి

ధ్రువపత్రం వచ్చిన మర్నాడే కూలి పెరగదు. పెంచమని అడగడానికి అది ఒక ఆధారం, అంతే. అడగాల్సింది మీరే. కొన్ని పనులకు చట్టం వేరే అనుమతి కోరుతుంది. కరెంటు పనికి ఆర్‌పీఎల్ పట్టా ఉన్నంత మాత్రాన సరిపోదు. రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ కావాలి. పదో తరగతి తప్పనిసరి అన్నచోట ఈ పట్టా దానికి బదులు రాదు. పది పాస్ కాకపోతే పనికోసం గల్ఫ్ వెళ్ళడానికి ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాల్సి వస్తుంది కాబట్టి, వయసులో ఉన్నవాళ్ళు సార్వత్రిక పాఠశాల ద్వారా పది పూర్తిచేయడం మంచిది.

పరీక్ష లేకుండానే పట్టా ఇప్పిస్తామనే వాళ్ళ గడప తొక్కకండి. డబ్బులిచ్చి కొన్న కాగితం మొదటి రోజు సైటు మీదే బయటపడుతుంది. దానివల్ల నిజంగా పని వచ్చినవాళ్ళ కాగితానికీ విలువ పోతుంది. ఇచ్చిన ధ్రువపత్రం మీద క్యూఆర్ కోడ్ ఉందా, ఆన్‌లైన్‌లో మీ పేరు కనబడుతోందా చూసుకోండి.

ఒకవేళ పాస్ కాకపోతే సిగ్గుపడకండి. ఈ పరీక్ష మీ విలువను తేల్చేది కాదు. ఏ ముక్క ఇంకా రావాలో చెప్పేది. ఏ విభాగంలో తగ్గిందో అడిగి రాయించుకోండి. ఆ ఒక్క విభాగం మీద పనిచేసి మళ్ళీ నిలబడండి.

ఈ వారం చేయాల్సినవి

1. మీరు చేసే పనిని ముక్కలుగా విడగొట్టి రాయండి, రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. ఇరవై ముక్కలకు తక్కువ కాకుండా రావాలి.

2. ప్రతి ముక్క పక్కన గుర్తు పెట్టండి: సొంతంగా చేయగలను, సాయంతో చేయగలను, ఇంకా నేర్చుకోవాలి.

3. వాటిలో అయిదింటికి "ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు గట్టిగా చెప్పి చూసుకోండి.

4. పని పుస్తకం మొదలుపెట్టి, గడిచిన ఏడాదిలో చేసిన పనులు గుర్తున్నంతవరకు ఎక్కించండి.

5. గ్రామ సచివాలయానికో, దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటరుకో వెళ్ళి, మీ వృత్తికి ఇప్పుడు ఆర్‌పీఎల్ గానీ విశ్వకర్మ నమోదు గానీ నడుస్తోందా అడగండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఆధార్‌కు కలిపిన ఫోన్ వెంట తీసుకెళ్ళండి.

6. మీతో పనిచేసే మరో నలుగురిని కలుపుకోండి. ఒక్కరు అడిగితే రేపు రమ్మంటారు. పదిమంది కలిసి అడిగితే మీ ఊళ్ళోనే శిబిరం పెట్టమని కోరవచ్చు. ఆర్‌పీఎల్‌లో అలాంటి శిబిరాలకు వీలుంది.

ఇకమీదట "నాకేం చదువు లేదు" అన్న మాట మీ నోట రాకూడదు. "నాకు ఈ పని వచ్చు, ఇన్నేళ్ళుగా చేస్తున్నాను, ఇదిగో సాక్ష్యం, పరీక్షించుకోండి" అనండి. ఆ నాలుగు మాటలు తడబడకుండా చెప్పగలిగిన రోజు ఏ ఆఫీసు గుమ్మం ముందైనా మీరు తలెత్తుకుని నిలబడతారు.